రెండు షాట్ల మధ్య చరిత్ర: గొదార్ వీడియో వ్యాసం చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి

సినిమా చరిత్రను పుస్తకంగా రాసేవారు సాధారణంగా ఒక వరుసను పాటిస్తారు. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని చూపించిన చిట్టి చిత్రాలతో కథ మొదలవుతుంది. మెలియేస్ మాయాజాలం, గ్రిఫిత్ కథన పద్ధతి, సోవియట్ దర్శకుల ప్రయోగాలు, టాకీల రాక, యుద్ధానంతర ఇటలీ, ఫ్రెంచి నవతరంగం అంటూ ఒక్కో మెట్టే ఎక్కుతూ నేటికి చేరుతుంది. ఫ్రెంచి, స్విస్ మూలాలున్న దర్శకుడు జాన్ లుక్ గొదార్ 1988 నుంచి 1998 వరకు పదేళ్లపాటు వీడియో మీద తయారుచేసిన 'సినిమా చరిత్ర(లు)' అనే వీడియో వ్యాసం, అంటే మాటలకు బదులు దృశ్యాలతో వాదించే కృతి, ఈ మెట్లలో దేన్నీ వరుసగా ఎక్కదు. నాలుగు అధ్యాయాల్లో రెండేసి చొప్పున ఎనిమిది భాగాలు, మొత్తం 266 నిమిషాల నిడివి ఉన్న ఈ కృతిలో వందలాది సినిమాల ముక్కలు, వర్ణచిత్రాలు, న్యూస్ రీళ్లు, ఛాయాచిత్రాలు, పుస్తకాల్లోని వాక్యాలు, పాటలు, సింఫొనీలు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఒకదాన్నొకటి చెరిపివేస్తూ సాగుతాయి. అమెరికన్ విమర్శకుడు జొనాథన్ రోజెన్‌బామ్ దీన్ని జేమ్స్ జాయిస్ చివరి నవల 'ఫినెగన్స్ వేక్'తో పోల్చాడు. మొదటిసారి చూసినవారికి సగం కూడా బోధపడదన్న హెచ్చరిక ఆ పోలికలోనే ఉంది.

అర్థం కాకపోవడానికి కారణం ఫ్రెంచి రాకపోవడమో, ఉదహరించిన సినిమాలు చూసి ఉండకపోవడమో మాత్రమే కాదు. ఆ సినిమాలన్నీ చూసినవారికీ ఇది చిక్కుగానే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ వాదన వాక్యాల్లో నడవదు. వ్యాఖ్యాత ఒక ప్రతిపాదన చేసి దానికి ఉదాహరణగా ఒక దృశ్యాన్ని చూపించడం మనకు అలవాటైన పద్ధతి. ఇందులో దృశ్యాలే ప్రతిపాదనలు. రెండు దృశ్యాల మధ్య ఉన్న ఖాళీలో మూడోది ఏదో ప్రేక్షకుడికి తట్టాలి. ఆ తట్టడమే ఈ వీడియో వ్యాసానికి బలమనీ, సరిగ్గా అక్కడే దానికొక పెద్ద బలహీనత కూడా ఉందనీ నా అభిప్రాయం. ఈ రెంటినీ విడదీసి చూస్తే గాని గొదార్ చేసిన పనిని మెచ్చుకోవడానికైనా, తప్పుపట్టడానికైనా ఆధారం దొరకదు.

ఈ కృతి పుట్టుకలో ఫిల్ముల భాండాగారానికీ తరగతి గదికీ భాగముంది. ఫ్రాన్సులో సినిమాతెక్ అనే ఫిల్ముల భాండాగారాన్ని 1936లో జార్జ్ ఫ్రాంజుతో కలిసి స్థాపించిన ఆంరీ లాంగ్లోవా, పాత సినిమాల ప్రింట్లను కాపాడి రాత్రుళ్లు వరసపెట్టి ప్రదర్శించి ఒక తరానికి సినిమా నేర్పాడు. గొదార్, త్రూఫో, రివెట్ వంటి దర్శకులు ఆ బడిలో చదివినవారే. లాంగ్లోవా చివరి సంవత్సరాల్లో కెనడాలోని మాంట్రియాల్‌కు వెళ్లి సినిమా చరిత్ర మీద ప్రసంగాలు చేసేవాడు. 1977 జనవరిలో ఆయన మరణించాక, అక్కడి కాంకోర్డియా విశ్వవిద్యాలయంలో సెర్జ్ లోజిక్ ఆహ్వానం మీద గొదార్ ఆ పనిని అందుకున్నాడు. 1978లో ఆయన చేసిన ప్రసంగాల పద్ధతి విచిత్రమైనది: తన సినిమా ఒకటి, దాని పక్కన పాత సినిమాల భాగాలు కొన్ని చూపించి, వాటి మధ్య ఏ సంబంధం కనబడుతుందో అక్కడికక్కడే ఆలోచిస్తూ మాట్లాడేవాడు. ఆ మాటలు 1980లో పుస్తకంగా వచ్చాయి. అయితే ఆయనకు కావలసింది మాట్లాడటం కాదు, పోల్చి చూపించడం. రెండు సినిమాలను ఒకే తెర మీద, ఒకే క్షణంలో ఎదురెదురుగా నిలబెట్టడం మామూలు ప్రొజెక్టరుతో అయ్యే పని కాదు.

దానికి వీడియో దారి చూపింది. 1970లలోనే గొదార్ తన సహచరి ఆన్ మరీ మియెవిల్‌తో కలిసి గ్రెనోబుల్‌లో సొంత వీడియో పరికరాలతో పనిచేశాడు. తర్వాత ఇద్దరూ జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న రోల్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. 'సినిమా చరిత్ర(లు)' చాలావరకు అక్కడే, ఆయన చేతుల మీదుగానే తయారైంది. ఫిల్ము మీద ఒక దృశ్యం మీద మరొకదాన్ని ముద్రించాలంటే ల్యాబుకు పంపాలి, రోజులు పట్టేది, ఖర్చయ్యేది, ఒకసారి ముద్రపడ్డాక మార్చడం కష్టమయ్యేది. వీడియో మిక్సర్ మీద అదే పని క్షణాల్లో అయ్యేది. చాప్లిన్ ముఖం నెమ్మదిగా ఒక యుద్ధ దృశ్యంలో కరిగిపోవడం, రెండు బొమ్మలు సెకనులో పలుమార్లు మారుతూ మిణుకుమనడం, నడుస్తున్న దృశ్యం ఆగి ఆగి కదలడం ఇందులో అడుగడుగునా కనిపించే పద్ధతులు. టేపుల నుంచి తీసుకున్న బొమ్మల్లో రంగులు అలుక్కుపోయి, అంచులు చెదిరి ఉంటాయి. దీన్ని లోపమన్నవారున్నారు గాని, ఆ చెదిరిన రూపం ఒక మేలు కూడా చేసింది. గోయా గీసిన వర్ణచిత్రం, హాలీవుడ్ సంగీత చిత్రం, సైనికులు తీసిన న్యూస్ రీలు ఒకే నాణ్యతలోకి దిగివచ్చి ఒకదాని పక్కన ఒకటి కూర్చోగలిగాయి.

తొలి రెండు భాగాలు 1988లో కాన్ చిత్రోత్సవంలో కనిపించి, 1989లో కనాల్ ప్లస్ టీవీలో ప్రసారమయ్యాయి. మిగిలినవి ఒక్కొక్కటే వస్తూ 1998లో మొత్తం పూర్తయింది. అదే ఏడాది గాలిమార్ ప్రచురణ సంస్థ దీన్ని నాలుగు సంపుటాల బొమ్మల పుస్తకంగా వేసింది; మరుసటి ఏడాది ఈసీఎం సంస్థ కేవలం శబ్దాన్ని అయిదు సీడీలుగా విడుదల చేసింది. బొమ్మ లేకుండా శబ్దాన్ని విడిగా అమ్మగలిగారంటే అందులో శబ్దానికి ఎంత స్వతంత్రం ఉందో ఊహించవచ్చు. గొదార్ గొంతు, ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ చప్పుడు, ఎడిటింగ్ టేబుల్ మీద రీలు ముందుకూ వెనక్కూ పరుగెత్తే కీచుధ్వని, ఏదో సినిమాలోని నటుడి మాట, వీటన్నిటి కింద వినిపించే వాద్య సంగీతం – ఇవి బొమ్మలతో ఏకీభవించడానికి కాక వాటితో వాదించడానికి వచ్చినట్టుంటాయి.

ఇక అసలు విషయానికి, అంటే కూర్పుకు (షాట్లను కోసి వరుసగా అతికే ఎడిటింగ్ పనికి), వద్దాం. గొదార్ 1956లోనే, ఇంకా పూర్తి నిడివి చిత్రమేదీ తీయకముందే, 'కయే దు సినేమా' పత్రికలో కూర్పును గురించి వ్యాసం రాశాడు. 1960లో వచ్చిన తన తొలి పూర్తి నిడివి చిత్రం 'బ్రెత్‌లెస్'లో ఒకే షాట్ మధ్యలో ముక్కలు కోసి పారేసి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాడు. అటువంటి మనిషి జీవితపు రెండో సగంలో చేసిన వాదన ఏమిటంటే, సినిమా కూర్పును వెతికింది గాని పూర్తిగా కనుక్కోలేదని. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టైన్ కూడా కూర్పు అనుకుని కనుక్కున్నది నిజానికి కెమెరా కోణాన్నేనని ఆయన అనేవాడు. ఐసెన్‌స్టైన్ తీసిన 'బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్'లో మూడు రాతి సింహాలు వరసగా వచ్చి ఒకే సింహం లేచి నిలబడినట్టు కనిపించే ప్రసిద్ధ దృశ్యం గొదార్ దృష్టిలో కోణాల విజయమే.

మరి ఆయన కోరిన కూర్పు ఎలాంటిది? దీనికి ఆయన సినిమా నుంచి కాక శాస్త్ర చరిత్ర నుంచి ఒక ఉదాహరణ ఇచ్చేవాడు. దాన్ని నోబెల్ బహుమతి పొందిన జీవశాస్త్రవేత్త ఫ్రాన్స్వా జాకబ్ రచన నుంచి తీసుకున్నాడు. 1543లో కోపర్నికస్ గ్రహగతుల గ్రంథం వెలువడింది. అదే 1543లో వెసాలియస్ మానవ శరీర నిర్మాణ గ్రంథం వెలువడింది. ఒకటి ఆకాశాన్ని తిరగరాసింది, మరొకటి చర్మం కింద ఉన్నదాన్ని తెరిచి చూపింది. రెండింటినీ విడివిడిగా చెబితే అవి రెండు వాస్తవాలు. పక్కపక్కన పెట్టిన మరుక్షణం ఆ కాలపు మనిషికి తన చుట్టూ ఉన్నదీ తన లోపల ఉన్నదీ ఒకేసారి మారిపోయాయన్న మూడో ఆలోచన పుడుతుంది. ఆ మూడోది ఏ గ్రంథంలోనూ లేదు. దూరంగా ఉన్న రెండు వాస్తవాలను దగ్గరికి తేవడం వల్లే కొత్త బింబం పుడుతుందని కవి పియేర్ రెవెర్దీ చెప్పిన మాట గొదార్‌కు ప్రాణప్రదం. సామ్యం వల్ల కాక, దూరం వల్ల బింబానికి శక్తి వస్తుందన్నది అందులోని సారం. చరిత్రకారుడి పని కూడా ఇదేనని, కాబట్టి కూర్పు చేతిలో ఉన్న సినిమాయే చరిత్రకు తగిన సాధనమని గొదార్ తీర్మానం. సినిమా గురించి చెప్పే చరిత్ర కాదది; సినిమా తన సొంత పనిముట్టుతో ఇరవయ్యో శతాబ్దాన్ని చెప్పడం.

ఈ తీర్మానం ఎంత దూరం పనిచేస్తుందో చూడటానికి నాలుగో అధ్యాయపు మొదటి భాగంలో ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ మీద ఉన్న ఘట్టం కంటే మంచి చోటు లేదు. కథలో ఆ పాత్ర కొండ అంచుకు ఎందుకు వెళ్లిందో మనం మరిచిపోయాం, ఈ పాత్ర హాలండుకు ఎందుకు వెళ్లిందో మరిచిపోయాం, కాని ఒక చేతిసంచీని, ఎడారి దారిలో ఒక బస్సును, ఒక పాలగ్లాసును, గాలిమర రెక్కలను, తల దువ్వుకునే బ్రష్‌ను, వరుసగా పేర్చిన సీసాలను, ఒక కళ్లజోడును మరవలేదు అంటాడు గొదార్. ఆ మాటల వెంట ఆ వస్తువులే తెర మీద ఒక్కొక్కటిగా మెరుస్తాయి. వెంటనే ఆయన మరో అడుగు వేసి, అలెగ్జాండర్, సీజర్, నెపోలియన్, హిట్లర్ సాధించలేనిదాన్ని, అంటే విశ్వం మీద ఆధిపత్యాన్ని, హిచ్‌కాక్ సాధించాడంటాడు. కోట్లమంది ఒకే పాలగ్లాసును చూసి ఒకే క్షణంలో ఊపిరి బిగబట్టడమే ఆ ఆధిపత్యం. విన్నప్పుడు అతిశయోక్తిలా ఉన్నా, చూస్తున్నప్పుడు ఒప్పుకోక తప్పదనిపిస్తుంది. హిచ్‌కాక్ మీద ఇంత క్లుప్తంగా, ఇంత లోతుగా చేసిన విమర్శ మరొకటి నేను చదవలేదు.

ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ రాన్సియేర్ సరిగ్గా ఈ ఘట్టాన్నే పట్టుకుని ఒక ప్రశ్న వేశాడు. 'సస్పిషన్' చిత్రంలో క్యారీ గ్రాంట్ మెట్లెక్కుతూ తెచ్చే పాలగ్లాసు మనకెందుకు గుర్తుంది? లోపల చిన్న దీపం పెట్టి హిచ్‌కాక్ దాన్ని వెలిగించాడు కాబట్టి గుర్తుండవచ్చు. కాని అందులో విషం ఉందేమోనన్న భయం లేకపోతే అది వట్టి పాలగ్లాసు. భర్త తనను చంపబోతున్నాడని ఒక భార్య అనుమానించిన కథ ఆ గ్లాసులో నిండి ఉంది. గొదార్ కథను గీకేసి వస్తువును మాత్రం మిగిల్చి, చూడండి, కథ లేకపోయినా వస్తువు నిలబడింది అంటున్నాడు. నిజానికి దాన్ని నిలబెట్టింది ఆ కథే. రాన్సియేర్ దీన్ని కేవలం తప్పుగా చూడలేదు. ఇలా విడదీయడం వల్లే గొదార్ కొత్త కావ్యాన్ని రాయగలిగాడనీ, అయితే ఆ కావ్యం హిచ్‌కాక్‌ది కాదు, గొదార్‌దేననీ ఆయన విశ్లేషణ సారాంశం. ఈ పరిశీలన ఒప్పుకున్నాక కూడా ఆ ఘట్టపు అందం తగ్గదు. కాని అది రుజువు స్థానం నుంచి దిగి ప్రతిపాదన స్థానంలో కూర్చుంటుంది.

రెండో పరీక్ష దీనికంటే కఠినమైనది. మొత్తం ఎనిమిది భాగాలకూ వెన్నెముక వంటి ఆరోపణ ఒకటుంది: సినిమా తన విధిని నిర్వర్తించలేదు. లోకంలో ఉన్నదాన్ని నమోదు చేయడానికి పుట్టిన సాధనం, తొలి దశాబ్దాల్లోనే వినోద పరిశ్రమకూ కథల కర్మాగారానికీ అమ్ముడుపోయింది. మొదటి భాగంలో ఎంజీఎం స్టూడియోను నడిపి 37 ఏళ్లకే మరణించిన నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్‌ను ఆ కర్మాగారపు ప్రతినిధిగా, రోజుకు 52 సినిమాలు ఆలోచించిన మనిషిగా గొదార్ పరిచయం చేస్తాడు. 1939లో ఫ్రెంచి దర్శకుడు రెన్వా తీసిన 'రూల్స్ ఆఫ్ ద గేమ్', 1940లో చాప్లిన్ 'ద గ్రేట్ డిక్టేటర్', 1942లో లుబిచ్ 'టు బి ఆర్ నాట్ టు బి' వంటి కల్పిత కథలు రాబోయేదాన్నో జరుగుతున్నదాన్నో పసిగట్టగలిగాయి. కాని యూదుల సామూహిక సంహారం జరుగుతున్నప్పుడు సినిమా అక్కడ లేదు. ఉండవలసిన చోట లేకపోవడం వల్ల సినిమా అప్పుడే ఒక విధంగా చనిపోయిందని ఆయన అంటాడు.

ఈ ఆరోపణను ఆయన ఒకే ఒక కూర్పుతో చెప్పిన ఘట్టం ప్రపంచమంతటా చర్చకు గురైంది. హాలీవుడ్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ 1945లో అమెరికా సైన్యంతో యూరపులో ఉండి, విముక్తమైన నిర్బంధ శిబిరంలో మృతదేహాలను 16 ఎంఎం కలర్ ఫిల్ము మీద చిత్రించాడు. అదే దర్శకుడు 1951లో 'ఎ ప్లేస్ ఇన్ ద సన్' తీశాడు. అందులో ఈతదుస్తుల్లో ఉన్న ఎలిజబెత్ టేలర్ ఒడిలో మాంట్‌గొమరీ క్లిఫ్ట్ తల పెట్టుకున్న దృశ్యాన్ని గొదార్ ఆ మృతదేహాల పక్కన చేర్చాడు. ఆ శవాలను స్టీవెన్స్ చూసి ఉండకపోతే ఎలిజబెత్ టేలర్ ఆనందానికి ఆ వెలుగులో చోటు దొరికేది కాదంటాడు. ఆమె నీటిలోంచి లేచి నిలబడుతుంటే, పాత ఇటాలియన్ చిత్రకారుడు జొత్తో పాడువాలోని ప్రార్థనాలయపు గోడ మీద గీసిన మేరీ మాగ్దలీన్ చేతులు చాపి పైనుంచి ఆమె మీదికి దిగివస్తున్నట్టు కనిపిస్తుంది. ఒకే మనిషి కళ్లు ఆ రెండింటినీ చూశాయన్న ఆలోచన ఏ పుస్తకంలోని పేరా కంటే గట్టిగా తగులుతుంది. సుఖాంతపు ప్రేమల వెనుక శవాలున్నాయని చెప్పడం కాదిది. శవాలను చూసిన తర్వాత ఒక మనిషి ఆనందాన్ని ఎలా చిత్రించగలిగాడన్న ప్రశ్న.

ఇప్పుడు ఆ కూర్పును విడదీసి చూద్దాం. మొదటిది, గొదార్ వ్యాఖ్యానం స్టీవెన్స్ చిత్రించిన చోట్లుగా ఆష్విట్స్, రావెన్స్‌బ్రుక్ శిబిరాల పేర్లు చెబుతుంది. స్టీవెన్స్ రంగుల్లో చిత్రించింది ప్రధానంగా డాఖౌ. ఆష్విట్స్‌ను విముక్తం చేసింది సోవియట్ సైన్యం. అమెరికన్లు అక్కడ లేరు. చరిత్ర చెప్పబూనిన కృతిలో ఇది చిన్న పొరపాటు కాదు, అయినా ప్రేక్షకుల్లో అత్యధికులు దాన్ని గమనించరు, ఎందుకంటే కూర్పు ఊపులో పేర్లు జారిపోతాయి. రెండోది, జొత్తో చిత్రంలో మాగ్దలీన్ పైనుంచి దిగివచ్చే దేవదూత కాదు. పునరుత్థానం చెందిన క్రీస్తు వైపు మోకాళ్ల మీద చేతులు చాచిన స్త్రీ; నన్ను తాకవద్దు అని క్రీస్తు వారిస్తున్న క్షణం అది. గొదార్ ఆ బొమ్మను 90 డిగ్రీలు తిప్పి, క్రీస్తును చట్రం బయటికి నెట్టి, అందకపోవడాన్ని చెప్పే చిత్రాన్ని అనుగ్రహాన్ని చెప్పే చిత్రంగా మార్చాడు. దీన్ని వివరంగా ఎత్తిచూపినవాడూ రాన్సియేరే. ఆయన అభ్యంతరం మోసం జరిగిందన్నది కాదు. ఘర్షణ పుట్టించే కూర్పు ఇక్కడికి వచ్చేసరికి బొమ్మలకు మృతులను లేపే శక్తి ఉందన్న మత విశ్వాసం వంటిదానిగా మారిందన్నది.

దీని చుట్టూ ఫ్రాన్సులో నడిచిన వివాదం కూడా పెద్దదే. 1985లో యూదుల సంహారం మీద తొమ్మిది గంటలకు పైబడిన 'షోవా' చిత్రాన్ని తీసిన క్లోద్ లాంజ్‌మాన్ పాత దృశ్యాలను ఒక్కటి కూడా వాడలేదు. ఆ సంహారాన్ని చూపగల బొమ్మ ఉండదన్నది ఆయన పట్టుదల. గొదార్ సరిగ్గా ఎదురు కొసన నిలబడి, వెతికితే గ్యాస్ ఛాంబర్ల దృశ్యాలు ఎక్కడో దొరుకుతాయని అన్నాడు. కళాచరిత్రకారుడు జార్జ్ దిది హ్యూబెర్మాన్ 2003లో రాసిన పుస్తకంలో, 1944లో ఆష్విట్స్‌లో భాగమైన బిర్కెనౌ శిబిరపు ఖైదీలు ప్రాణాలకు తెగించి రహస్యంగా తీసిన నాలుగు ఛాయాచిత్రాలను ఆధారం చేసుకుని ఈ రెండు వైఖరులనూ పరిశీలించాడు. ఏ బొమ్మా మొత్తం నిజాన్ని చెప్పదు, అలాగని ఏ బొమ్మా అనవసరం కాదు. బొమ్మను ఇతర బొమ్మలతో, సాక్ష్యాలతో కలిపి చదవాలి అన్న ఆయన మాట గొదార్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. కాని దిది హ్యూబెర్మాన్ ప్రతి ఛాయాచిత్రం ఎక్కడ, ఎవరు, ఏ దిక్కు నుంచి తీశారో ఓపికగా నిర్ధారిస్తాడు. ఆ ఓపిక గొదార్‌కు లేదు, ఆయన దాన్ని కోరుకోలేదు కూడా.

మూడో అధ్యాయం గురించి ఒక్క మాట చెప్పక తప్పదు, ఎందుకంటే కోపం ప్రేమగా మారే చోటు అది. 1876లో సెర్బియాలో జరుగుతున్న హత్యాకాండ మీద, యూరపు ప్రభుత్వాల మౌనం మీద విక్టర్ హ్యూగో రాసిన వాక్యాలతో అది మొదలవుతుంది. బోస్నియా యుద్ధపు సంవత్సరాల్లో ఆ వాక్యాలను వినిపించడమే ఒక కూర్పు. అక్కడి నుంచి గొదార్ ఇటలీకి వస్తాడు. యుద్ధంలో రెండు పక్షాలనూ వంచించి తన ముఖాన్ని తానే పోగొట్టుకున్న దేశం, 1945లో దర్శకుడు రొసెల్లిని 'రోమ్, ఓపెన్ సిటీ'తో దాన్ని తిరిగి పొందిందనీ, అమెరికన్ సినిమా ఆక్రమణను నిజంగా ఎదిరించింది ఆ సినిమాయేననీ ఆయన వాదం. రికార్దో కొచ్చాంతే పాడిన ఇటాలియన్ భాష గురించిన పాట పూర్తిగా వినిపిస్తుండగా రొసెల్లిని, డి సికా, విస్కోంతి, ఫెలినీ, పసోలినీల దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇక్కడ ఒకదాని మీద ఒకటి పరిచిన దృశ్యాల దాడి లేదు, మిణుకులు తక్కువ. ఒక జాతికి తనను తాను చూసుకోవలసిన అవసరం కలిగినప్పుడే దానికి సినిమా పుడుతుందన్న ఆలోచన ఎవరికైనా తేలిగ్గా అందుతుంది.

ఆ ఆలోచన నిజమే అయితే లోకంలో మరెన్ని దేశాలు గుర్తుకు రావాలి! కాని గొదార్ చరిత్ర హాలీవుడ్, ఫ్రాన్సు, జర్మనీ, రష్యా, ఇటలీల చుట్టూనే తిరుగుతుంది. మిజోగుచి వంటి ఒకరిద్దరు జపనీయులను మినహాయిస్తే ఆసియాకు దక్కిన చోటు స్వల్పం, భారతీయ సినిమాకు దాదాపు లేదు. నటీమణుల ముఖాలు కోకొల్లలుగా ఉంటాయి, దర్శకురాళ్లు అరుదు. నేను చూసినదీ ప్రేమించినదీ మాత్రమే చెబుతున్నానన్నది గొదార్ తరఫున ఇవ్వదగిన సమాధానం. అయితే శీర్షికలోని బహువచనం చేసిన వాగ్దానం అంతకంటే పెద్దది.

గొదార్ పద్ధతిని ఆయన ఉదాహరణలతోనే కొలవడం సరిపోదు కనుక మనకు తెలిసిన సరంజామాతో ఒకసారి ప్రయత్నిద్దాం. 1939 జులైలో పారిస్‌లో విడుదలైన 'రూల్స్ ఆఫ్ ద గేమ్'లో భూస్వాములు, వారి నౌకర్లు ఒక కోటలో చేరి వేటాడతారు. కుందేళ్లు గిలగిలలాడి చస్తాయి, చివరికి ఒక మనిషీ చస్తాడు. యుద్ధం మొదలయ్యాక ప్రజల మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందన్న కారణంతో ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అదే 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశాడు. జమీందారీ పీడన మీద రైతుల పక్షాన నిలబడిన ఆ చిత్రం, జమీందారుల అభ్యంతరాల నడుమ నిషేధానికి గురైంది. ఒకే సంవత్సరం, రెండు చోట్లా భూమిని పట్టుకున్న వర్గం, రెండు చోట్లా నిషేధం. రెన్వా వేట దృశ్యం పక్కన రామబ్రహ్మం రైతును పెడితే తెర మీద ఏదో రాజుకుంటుందనడంలో నాకు సందేహం లేదు. కుందేలు స్థానంలో ఉన్నది ఎవరన్న ప్రశ్న అడగకుండానే పుడుతుంది.

కాని ఆ కూర్పు ఏం రుజువు చేసింది? ఫ్రాన్సులో నిషేధించింది యుద్ధభయంతో ఉన్న సొంత ప్రభుత్వం; ఇక్కడ నిషేధం వెనుక ఉన్నది వలస పాలనలో జమీందార్లకు ఉన్న పలుకుబడి. రెన్వా తన ప్రభువులను జాలితో, కొంత అభిమానంతో కూడా చూశాడు. రామబ్రహ్మం చిత్రం ఉద్యమానికి గొంతు. తానే ఒక జమీందారైన చల్లపల్లి రాజా పెట్టుబడి ఆ చిత్ర నిర్మాణంలో ఉందన్న సంగతి మరో మెలిక. ఈ తేడాలేవీ పక్కపక్కన పెట్టిన రెండు షాట్లలో కనబడవు. వాటిని చెప్పడానికి వాక్యాలు కావాలి, తేదీలు కావాలి, కారణాలు కావాలి. 1939ని ఆ రెండు షాట్లు మన ముందు ఒక ప్రశ్నగా తెరిచాయి; జవాబు కోసం పత్రికలు, ప్రభుత్వ ఉత్తర్వులు తిరగేయవలసిందే. గొదార్ తన వ్యాసంలో మొదటి పనిని ఎవరూ చేయనంత గొప్పగా చేసి, రెండో పని కూడా అయిపోయినట్టు గొంతు పెడతాడు. నాకు ఆయనతో ఉన్న పేచీ అంతా ఆ గొంతుతోనే.

ఇటువంటి ప్రయత్నం తెలుగులో పూర్తి స్థాయిలో చేయాలంటే ఎదురయ్యే మొదటి అడ్డంకి సిద్ధాంతానిది కాదు, సరుకుది. గొదార్‌కు లాంగ్లోవా ఉన్నాడు. గోమోఁ వంటి పాత సంస్థ నిర్మాతగా ఉండి తన భాండాగారాన్ని తెరిచింది. మనకు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్‌ల మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటూ దొరకదు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే దేశంలో తీసిన మూకీల్లో అత్యధిక భాగం కాలిపోయో, వెండి కోసం కరిగిపోయో నామరూపాల్లేకుండా పోయాయి. లేని సినిమాను లేదని చూపించడం కూడా ఒక కూర్పేనని గొదార్ అనేవాడేమో. నవతరంగం మీద ఉన్న భాగంలో ఆయన దాదాపు ఆ మాటే చెప్పాడు: తన తరం ప్రేమించిన అసలు సినిమా, చూడటానికి వీల్లేక పేరు మాత్రమే విన్న సినిమా అని.

రెండో అడ్డంకి హక్కులు. రచయితకు ఉండేవి హక్కులు కావు, బాధ్యతలేనన్నది గొదార్ తరచు చెప్పిన మాట. ఆయన పేరున్నవాడు కనుక ఆ మాట చెల్లింది. అయినా ఫ్రాన్సులో ఈ కృతి డీవీడీగా రావడానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి అనుమతిస్తుంది. అయితే యూట్యూబులో ఈ సంగతిని మొదట తేల్చేది న్యాయస్థానం కాదు, పాటనో దృశ్యాన్నో పోల్చి పట్టుకునే యంత్రం. అది విమర్శకూ దొంగతనానికీ తేడా ఎరగదు. అందుకే మన వీడియో విశ్లేషణలు చాలావరకు కదిలే దృశ్యానికి బదులు పోస్టర్లు, స్టిల్సు చూపిస్తూ మాటల మీదే నడుస్తాయి. ఇతర దేశాల విశ్వవిద్యాలయాల్లో వీడియో వ్యాసం ఇప్పుడు గుర్తింపు పొందిన పరిశోధన రూపం. 2014 నుంచి దాని కోసం ప్రత్యేకంగా ఒక సమీక్షిత పత్రిక కూడా నడుస్తోంది. వాటిలో చాలావాటికి గొదార్ పూనకం లేదు, ఆయన తప్పులూ లేవు.

చూడదలచుకున్నవారు మొదటి భాగంతో మొదలుపెట్టకపోవడం మంచిది. 51 నిమిషాల ఆ భాగం అన్నిటికంటే దట్టమైనది. 27 నిమిషాల హిచ్‌కాక్ భాగాన్ని, అంటే నాలుగో అధ్యాయంలో మొదటిదాన్ని, ముందు చూసి, తర్వాత ఇటలీ ఉన్న మూడో అధ్యాయపు మొదటి భాగానికి వెళితే కన్ను ఆ వేగానికి అలవాటు పడుతుంది. ఆ పైన రెండో అధ్యాయంలో విమర్శకుడు సెర్జ్ దానేతో గొదార్ జరిపిన సంభాషణ ఉంది. అక్కడ ఇద్దరు మనుషులు మామూలుగా కూర్చుని మాట్లాడుకుంటారు కాబట్టి గొదార్ ఉద్దేశాలు సూటిగా వినబడతాయి. స్టీవెన్స్ ఘట్టం కోసం మొదటి భాగానికి అప్పుడు తిరిగి రావచ్చు. ప్రతి దృశ్యం ఏ సినిమాలోదో గుర్తుపట్టాలన్న పంతం మొదటిసారి వద్దు. రెండోసారి మాత్రం కాగితం, కలం దగ్గర పెట్టుకోవడం అవసరం, ముఖ్యంగా ఆయన ఊరి పేరో, సంవత్సరమో చెప్పినప్పుడు.